హంస సినిమా, ఇరవై ఒక్క రోజుల ఒట్టు

నేను బస్సు కండక్టర్ని. పద్నాలుగేళ్ళుగా నిలబడి అన్నం తింటున్నవాణ్ణి. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా గుంతల రోడ్డు మీద, దేన్నీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టగలనని లోలోపల కొంచెం పొగరు కూడా ఉండేది. అలాంటివాణ్ణి, పోయిన ఎండాకాలం కాళ్ళు రెండూ చచ్చుబడి ఇరవై ఆరు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాను. అక్కడ ఆడపిల్లలు చూసే ఒక బొమ్మల సినిమాని పట్టుకుని వేలాడానంటే మా డిపోలో ఒక్కడూ నమ్మడు.

నమ్మకపోతే పోనీండి. ఇది వాళ్ళ కోసం రాయడం లేదు. ఇవాళ ఎక్కడో ఒక ఇంట్లో ఎవరికో అరికాళ్ళు తిమ్మిరెక్కుతూ ఉంటాయి. పక్కనే ఎవరో ఒకరు, "నాకు తెలిసిన మందు ఒకటుంది" అంటూ ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పటికీ పొద్దున మెలకువ రాగానే కాలివేళ్ళు కదిపి చూసుకున్నాకే కళ్ళు తెరుస్తాను. రాసుకుంటే ఆ భయం కాస్త సర్దుకుంటుందని సుజాత అంది. సుజాత నా భార్య, మా మేనమామ కూతురు, మాచర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు.

మొదటి మూడు రోజులు

మే నెలలో ఓ వారం విరేచనాలు పట్టుకుని వదిలిపెట్టాయి. వాటిని మర్చిపోయాను కూడా. రెండు వారాల తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. చెప్పుల్లో ఇసక పడ్డట్టు ఉండేది, విదిలిస్తే ఏమీ రాలేది కాదు. రెంటచింతల మీదుగా రోజూ తిరిగేవాడికి ఎండాకాలంలో ఏ రోగమొచ్చినా అందరూ ఎండ మీదికే తోస్తారు. మా డ్రైవరు బాషా భాయ్ కూడా, "మజ్జిగ తాగు కండక్టరూ, ఒంట్లో నీళ్ళు అయిపోయుంటాయి" అన్నాడు. తాగాను. కడుపు నిండింది గానీ తిమ్మిరి పోలేదు.

రెండో రోజు రెంటచింతలలో కిందికి దిగి, జనాన్ని ఎక్కించి, రైట్ అని మెట్టు మీద కాలు వేయబోయాను. కాలు ఎత్తాననే అనుకున్నాను. కిందికి చూస్తే అది నేల మీదే ఉంది. పైనుంచి ఒక ముసలామె చెయ్యందించి లాగింది. "ఏంది నాయనా, పొద్దున్నే ఏసుకొచ్చావా?" అంది. బస్సంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ ట్రిప్పు అయ్యేదాకా మాత్రం పైకమ్మీ వదల్లేదు.

మూడో రోజు దొడ్లో కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. సుజాత వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపింది. "బావా, గుంటూరు పోదాం పద. ఇది ఎండ కాదు" అంది. నేను వినకుండా మా అక్కకి ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగినదానికి నన్నెవరూ బలవంతం చెయ్యలేదు.

నది అవతల

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. దుర్గిలో ఇచ్చారు. అమ్మ చిన్నప్పుడే పోతే నాకు అన్నం కలిపి పెట్టి పెంచింది అక్కే. గంటలో వచ్చి వాలింది. నా మోకాళ్ళు నొక్కి చూసి తేల్చేసింది.

"ఒరేయ్, ఇది పచ్చవాతమే. మా ఆడబిడ్డ మామకి ఇట్టాగే వస్తే ఏటి అవతలాయన మందు పోశాడు. ఇప్పుడు ఇంచక్కా పొలం పోతన్నాడు."

"ఒక్కసారి డాక్టరుకి చూపించి పోదాం వదినా" అంది సుజాత.

"చూపిస్తే సూది పొడుస్తారే. సూది పడ్డ ఒంటిని ఆయన ముట్టుకోడు. చానా పట్టింపు మనిషి."

మర్నాడు కారు మాట్లాడుకుని కృష్ణ దాటాం. ఆ ఊరి పేరూ ఆయన పేరూ చెప్పను. పైసా తీసుకోలేదు, మంచిగానే మాట్లాడాడు. మేము పట్టుకెళ్ళిన పావురాయిని కోసి, ఆ వెచ్చటి రక్తాన్ని నా మోకాళ్ళ నుంచి పాదాల దాకా పట్టించాడు. ఏదో ఆకు పసరు మింగించాడు. ఆఖరున నా చెయ్యి తన చేతిలో వేయించుకున్నాడు.

"ఇరవై ఒక్క దినాలు ఇంగ్లీషు సూది పడొద్దు. గోలీ మింగొద్దు. ఒట్టెయ్యి."

"పడితే ఏమవుద్ది?" అని సుజాత అడిగింది.

"పడితె ఆ కాళ్ళు మల్ల రావమ్మా. నన్నడగొద్దు."

నేను డిగ్రీ చదివినవాణ్ణి. అయినా ఒట్టేశాను. భయం ముందు డిగ్రీ ఏపాటిది?

తిరిగి వస్తుంటే కాళ్ళ మీద రక్తం ఎండి చర్మం లాగుతోంది. ఆ పావురాయి కొట్టుకోవడమే కళ్ళ ముందుంది. అప్పుడు, దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, ఆ హంస సినిమా గుర్తొచ్చింది.

మా పక్కింటాయన కేబుల్ టీవీ నడిపేవాడు. ఆదివారం పొద్దున పిల్లల కోసం బొమ్మల సీడీ వేసేవాడు. ఆయన దగ్గర ఉన్నవి మూడే సీడీలు, అందులో ఎక్కువగా వేసింది ఇదే. ఎక్కడో చలి దేశంలో వాళ్ళు పెద్ద పెద్ద హాళ్ళలో ఆడే పాత నాట్యకథని బొమ్మల సినిమాగా తీశారు. ఆ నాట్యాన్ని బ్యాలే అంటారని చాలా ఏళ్ళకి తెలిసింది. ఒక మాంత్రికుడి శాపం వల్ల ఒక అమ్మాయి పొద్దంతా హంసగా కొలనులో తిరుగుతుంది, చీకటి పడితేనే మనిషవుతుంది. మనిషయ్యీ కాగానే మునివేళ్ళ మీద లేచి నాట్యం చేస్తుంది. నేనూ అలాగే మునివేళ్ళ మీద లేచి వసారా అంతా తిరిగేవాణ్ణి. నాన్న చూసి, "మగ పుటక పుట్టి ఏందిరా ఆ గెంతులు!" అని చీపురు తిరగేశాడు. ఆ తర్వాత నాన్న లేనప్పుడు తిరిగేవాణ్ణి.

మాటలన్నీ ఇంగ్లీషు. మాకు ఒక్క ముక్క ఎక్కేది కాదు. అక్క పక్కన కూర్చుని తెలుగులో కథ చెప్పేది, సొంతంగా అల్లి. పదకొండు కొట్టగానే కేబులాయన సీడీ ఆపి పాత పాటలు పెట్టేసేవాడు. అందుకని ఆ సినిమా చివరి ఇరవై నిమిషాలు నేనెప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఒక్కచోటే ఆగేది. రాజకుమారుడు మాయలో పడి, తను ప్రేమించిన అమ్మాయే అనుకుని, మాంత్రికుడి కూతుర్ని పెళ్ళాడతానని చెయ్యెత్తి ఒట్టేస్తాడు. కిటికీ బయట అసలు హంస రెక్కలు కొట్టుకుంటూ ఉంటుంది. ఠక్కున పాటలు మొదలయ్యేవి.

"తర్వాతేమైందక్కా?" అని ఏడుపు మొహంతో అడిగేవాణ్ణి.

"ఏమవుద్దిరా! ఒట్టేశాడు గదా, ఆ పిల్లనే చేసుకున్నాడు. మాట తప్పలేదని దేవుడు మెచ్చి హంస పిల్లకి కూడా మనిషి రూపం ఇచ్చేశాడు. ముద్ద తిను."

తొమ్మిదేళ్ళవాడికి ఆ కథ సరిపోయింది. ముప్పై ఏడేళ్ళవాడు కూడా కారులో వెనక్కి వాలి దాన్నే పట్టుకున్నాడు. ఒట్టు నిలబెట్టుకుంటే కాళ్ళొస్తాయి. ఇరవై ఒక్క రోజులే కదా.

ఆరో రోజు

ఇరవై ఒక్క రోజులు కాదు, రెండు రోజులు కూడా ఆగలేదు. ఆరో రోజు పొద్దున టీ గ్లాసు చేతిలోంచి జారింది. రెండో గ్లాసు సుజాత పట్టి తాగిస్తే టీ ముక్కులోకి వచ్చింది. మాట ముద్దగా పడుతోంది. వెల్లకిలా పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. సుజాత మా పిల్లలిద్దర్నీ తన పుట్టింట్లో దించి, బాషా భాయ్‌కి ఫోన్ చేసింది.

నేను రానన్నాను. ఒట్టేశానన్నాను. ఆ ముద్ద మాటతోనే ఇల్లెగిరిపోయేలా అరిచాను. బాషా భాయ్ నన్ను బియ్యం మూటలా వీపున వేసుకున్నాడు. "అరవమాక కండక్టరూ. ఆ ఊపిరేదో దాచుకో, పనికొస్తది" అన్నాడు. ఆయన చొక్కా నా చొంగతో తడిసింది. ఆ పూట ఆయన డ్యూటీ మానుకుని వచ్చాడని నాకు నెల తర్వాత తెలిసింది.

గడప దగ్గర అక్క అడ్డం నిలబడింది. "ఏమే సుజాతా, నా తమ్ముడి కాళ్ళు పోతే ఆ పాపం నీదే."

"కాళ్ళు పోతే నేను మోస్తా వదినా. మనిషి పోతే నువ్వు తెచ్చిస్తావా?"

అక్క పక్కకి జరిగింది.

ఊపిరి లెక్క

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు నా మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. కాలు ఉలకలేదు, పలకలేదు. జబ్బుకి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. రోగాల మీదికి పోవాల్సిన ఒంటి బలగమే దారి తప్పి సొంత నరాల మీద పడిందని ఆయన అర్థమయ్యేట్టు చెప్పాడు. పక్షవాతం కాదట. చాలామంది లేచి నడుస్తారట, కానీ నెలలు పడుతుందట. "రెండు మూడు రోజులు ముందొచ్చుంటే మాకింత కంగారుండేది కాదు" అన్నాడు. సుజాత నా వంక చూడలేదు.

మొదటి సూది గుచ్చుతుంటే బావురుమన్నాను. "ఇంత మనిషివి సూదికి ఏడుస్తావేందన్నా?" అని నర్సమ్మ నవ్వింది. నా ఏడుపు సూదికి కాదు, ఒట్టుకి. అది ఆమెకి ఎట్లా చెప్పను?

అక్కడ నాకు అన్నిటికంటే భయం వేసింది ఒక లెక్క. గుండె నిండా ఊపిరి తీసుకుని, ఆ ఒక్క ఊపిరిలోనే ఒకటి, రెండు, మూడు అని ఎంత దూరం పోగలనో డాక్టరు చెప్పించేవాడు. మొదటి రోజు పందొమ్మిది. మర్నాడు పద్నాలుగు. ఆ మర్నాడు పదకొండు. పది కంటే తగ్గితే గొంతులోకి గొట్టం వేసి మిషను మీద పెట్టాలని వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో అనుకోవడం నాకు వినపడింది. కిక్కిరిసిన బస్సులో తలలు లెక్కపెట్టినవాణ్ణి, పన్నెండు అనే అంకె నోట్లోంచి రాక చెమటలు కక్కాను. డాక్టరు వచ్చే వేళ కాకముందే నాలో నేను చెప్పి చూసుకునేవాణ్ణి. పదకొండు దగ్గర రెండు రోజులు అలాగే ఉంది. ఆ తర్వాత పన్నెండు వచ్చింది. నర్సమ్మ చప్పట్లు కొట్టింది.

బయట హాల్లో సుజాత ఎట్లా గడిపిందో నాకు తర్వాత చెప్పింది. మైకులో పేషెంటు పేరు పిలుస్తారు. మందుల చీటీ కోసం పిలుస్తున్నారో, చావు కబురు చెప్పడానికి పిలుస్తున్నారో తెలీదు. ఎవరి పేరు వినపడ్డా హాలంతా లేచి నిలబడేదట. రాజుపాలెం నుంచి వచ్చిన ఒకావిడ తన కుర్చీలో సగం సుజాతకి ఇచ్చింది. పులిహోర పెట్టింది, మార్చుకోవడానికి చీర ఇచ్చింది. ఆవిడ కొడుకు లోపల మిషను మీద ఉన్నాడు. మమ్మల్ని వార్డుకి మార్చిన హడావుడిలో సుజాత ఆవిడ ఫోన్ నంబరు తీసుకోవడం మర్చిపోయింది. ఆ అబ్బాయి ఏమయ్యాడో మాకు తెలీదు. ఆ చీర ఇప్పటికీ మా బీరువాలోనే ఉంది.

వార్డులో

ఊపిరి గండం గడిచింది. కాళ్ళు మాత్రం ఎవరివో తెచ్చి నా నడుముకి తగిలించినట్టు పడున్నాయి. కసరత్తు చేయించే అతను రోజూ వచ్చి, "వేలు కదిలించండి, ప్రయత్నించండి" అనేవాడు. నేను పళ్ళు బిగించేవాణ్ణి. ఏమీ కదిలేది కాదు. డాక్టరు వస్తాయంటాడు. నది అవతలాయన రావన్నాడు. నిజం చెప్తున్నాను, నేను నమ్మింది నది అవతలాయన్నే. ఒట్టు తప్పింది నేను కదా మరి.

ఒక మధ్యాహ్నం ఆగలేక సుజాతకి చెప్పేశాను, ఒట్టు భయమూ హంస సినిమా గొడవా అంతా. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టింది. హంస, శాపం, కొలను, నాట్యం అని ఇంగ్లీషులో కొడితే ఏవేవో వచ్చాయి. ఐదోది తెరవగానే వంకర మిద్దెల కోట కనపడింది. "అదే! అదే!" అని అరిచాను. పక్క మంచం తాత ఉలిక్కిపడి లేచాడు.

ఆ సినిమా మీద నాకున్న గౌరవం పది నిమిషాల్లో సగం పోయింది. రంగులు వెలిసిపోయున్నాయి. రాజకుమారుడికి గడ్డం మరీ పారలా ఉంది. కొలనులో అలలు మూడే, అవే తిరిగి తిరిగి వస్తున్నాయి. కానీ సంగీతం మొదలై, ఆ పిల్ల నీళ్ళ ఒడ్డున మునివేళ్ళ మీద లేచేసరికి నా ఒళ్ళు ఝల్లుమంది. దుప్పటి కింద నా పాదాలు రెండూ చెరో పక్కకి వాలిపోయున్నాయి. వాటి వంక చూడలేకపోయాను.

సుజాత ఒక్కో మాటా తెలుగులో చెబుతోంది. అక్క కథలో మాంత్రికుడు ఆస్తి కోసం శాపం పెట్టిన ఆ పిల్ల మేనమామ. అసలు సినిమాలో వాడు మేనమామా కాదు, బాబాయీ కాదు. "మా నాన్న మీద కోపం వదిన అప్పుడే తీర్చుకుంది" అంది సుజాత. ఆసుపత్రికి వచ్చాక మేమిద్దరం నవ్వింది అప్పుడే.

రాజకుమారుడు ఒట్టు కోసం చెయ్యెత్తాడు. "ఆపెయ్" అన్నాను.

"ఇంకా ఇరవై నిమిషాలుంది బావా."

"ఇవాళ వద్దు."

మర్నాడూ వద్దన్నాను. ఆ మర్నాడూ అంతే. మాట తప్పితే ఆ పిల్ల హంసగానే మిగిలిపోతుందేమో, అది చూస్తే ఇక నా వేళ్ళు కదలవేమో అని భయం. బుద్ధికి తెలుసు అది పిచ్చి అని. భయానికి తెలియొద్దూ?

ఆసుపత్రిలో చేరిన పద్నాలుగో రోజు అక్క వచ్చింది. మంచం చివర నిలబడిపోయింది. మనిషి సగమైంది. కొంగు అడ్డం పెట్టుకుని నా పాదాలు పట్టుకుంది. ఆమె చేతి వేడి నాకు తెలీలేదు.

"అక్కా," అన్నాను, "ఆ హంస సినిమా ఆఖర్లో ఏమైంది?"

"నాకేం తెలుసురా? నేను మాత్రం యాడ చూశాను?"

"మరి ఒట్టు నిలబెట్టుకున్నాడని, దేవుడు మెచ్చాడని చెప్పావుగా?"

"నువ్వు ఏడుస్తా ఉన్నావు. ముద్ద దిగేది కాదు నీకు. ఏదో ఒకటి చెప్పాలి గదా."

"మరి ఏటి అవతల మందు?"

అక్క నా పాదాలు వదిలి దుప్పటి కప్పింది. "మా ఆడబిడ్డ మామ పొలం పోతన్న మాట నిజమేరా. మందుకే లేచాడో, దానంతటదే తగ్గిందో నాకేం తెలుసు? నువ్వు ఫోన్లో ఏడ్చావు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదో ఒకటి చెప్పాలి గదరా" అని మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాకు కోపం రావాలి. రాలేదు. జాలేసింది, ఆమె మీదా నా మీదా.

సుజాత వదినకి స్టూలు జరిపి, ఫోన్ తీసి నా పొట్ట మీద నిలబెట్టింది. ముగ్గురం చూశాం. రాజకుమారుడు మోసం తెలుసుకుని, సభలో అందరి ముందూ మాట వెనక్కి తీసుకున్నాడు. "తప్పు మనిషికి ఇచ్చిన మాటకి నేను కట్టుబడను అంటన్నాడు" అని సుజాత చెప్పింది. వాన, గాలి, కొలను పొంగింది. వాడు పీకల్లోతు నీళ్ళల్లో దిగి ఆ పిల్లని క్షమించమని అడిగాడు. తెల్లారింది. హంస లేదు. అమ్మాయి ఒడ్డుకి నడిచి వస్తూ రెండు చోట్ల తూలిపడబోయింది. ఆ బొమ్మ గీసినవాడెవడో గానీ, కాళ్ళు తిరిగొచ్చినవాళ్ళు ఎలా నడుస్తారో వాడికి తెలుసు.

"ఓరినీ, ఇంతేనా! నేను చెప్పిందే బాగుంది" అని అక్క ముక్కు చీదుకుంది.

సినిమా చూశాను గదా అని ఆ రోజు వేలు కదల్లేదు. ఆ మర్నాడూ కదల్లేదు. కానీ పళ్ళు బిగించి ప్రయత్నిస్తున్నప్పుడు, నేను తప్పు చేసినవాణ్ణనే మాట మనసులో అడ్డం పడటం మానేసింది. పందొమ్మిదో రోజు కుడికాలి బొటనవేలు కొంచెం ఒణికింది. అది ముందు చూసింది సుజాత. నేను నమ్మకపోతే మళ్ళీ కదిలించమని, మళ్ళీ కదిలించమని పదిసార్లు అడిగింది.

ఇప్పుడు

వాకరుతో ఇంటికొచ్చాను. రెండు నెలలకి చేతికర్ర చాలింది. ఇప్పుడు ఇంట్లో కర్ర లేకుండా తిరుగుతున్నాను, గోడ అందుబాటులో ఉండేట్టు. డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు. బస్సెక్కి నిలబడే పని మళ్ళీ చెయ్యగలనో లేదో ఎవరూ తేల్చి చెప్పడం లేదు. పోయిన చెకప్‌లో డాక్టరు, "మునివేళ్ళ మీద లేవండి" అన్నాడు. ఎడమ మడమ లేచింది. కుడి మడమ నేలకి అతుక్కుపోయినట్టే ఉంది. "వస్తుంది, టైము పడుతుంది" అన్నాడు.

చదివేవాళ్ళకి చెప్పేది ఒక్కటే. తిమ్మిరి పాదాల్లో మొదలై పైకి పాకుతుంటే, కాలు చెప్పిన మాట వినకపోతే, ఆ రోజే పెద్దాసుపత్రికి పోండి. ఎవరి చేతిలోనూ చెయ్యి వెయ్యొద్దు. ఒకవేళ వేసేసినా, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి పోండి. మందు చెప్పిన అక్కల్ని మాత్రం తిట్టకండి, వాళ్ళూ భయపడే చెబుతారు.

ఆ చెకప్ నుంచి తిరిగి మాచర్ల వస్తూ బాషా భాయ్ బస్సే ఎక్కాం. నేను టిక్కెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. పిడుగురాళ్ళ దాటాక సుజాతతో అన్నాను, "ఇంకెప్పుడైనా నా ప్రాణం మీదికొస్తే ఆ రోజులాగే నా మాట వినమాక."

ఆమె నా వైపు తిరిగింది.

"ఆ రోజు నువ్వేమన్నావో గుర్తుందా బావా?"

"అరిచాను. ఏమేం అరిచానో తెలీదు."

"బాషా భాయ్ వీపు మీదుండి, 'నా కాళ్ళు పోతే జన్మలో నీ మొహం చూడను' అన్నావు. అందరూ నీ ఊపిరి లెక్క చూస్తా ఉంటే, నేను ఇరవై ఆరు రోజులు నీ కాళ్ళ వంకే చూస్తా కూర్చున్నా."

మాచర్ల వచ్చిందాకా ఆమె మొహం వంకే చూస్తూ కూర్చున్నాను.